చాందిని పాట వినేవాళ్ళు

శనివారం పొద్దున్నే పెనం మీద పెసరట్టు వేసి, ఝాన్సీలక్ష్మి మెట్ల కింద గదివైపు చూసి మూతి తిప్పుకుంది. చలికోట్లు, బూట్లు పెట్టుకునే ఆ ఇరుకు గదిలోంచి కోడలు చాందిని గొంతు వినబడుతోంది.

“కోట్లకు కచేరీ చేస్తోందిరా మీ ఆవిడ,” అంది కొడుకుతో. “పాపం, అవైతే మధ్యలో లేచిపోలేవు.”

అనంత్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. “ఆ కోట్ల మధ్య గొంతు మార్మోగదమ్మా. రికార్డింగ్ బాగా వస్తుంది.”

“గొంతంటూ ఉంటే కదా, రికార్డింగ్ సంగతి!”

ఝాన్సీలక్ష్మిది బాపట్ల. ఇరవై రెండేళ్ళు గురువుగారి దగ్గర సంగీతం నేర్చుకుని, రేడియోలో పాడిన మనిషి. భర్త పోయాక కెనడాలో, మిల్టన్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చి, ఆరుగురు పిల్లలకు గాత్రం నేర్పుతోంది. ఆ పిల్లలు సరళీస్వరాలు పాడుతూ గడియారం చూస్తారు. “ఆంటీ, ఆర్ వుయ్ డన్?” అని అడుగుతారు. వాళ్ళ మీద లేని కోపమంతా ఆవిడకు కోడలి మీద ఉంది. చాందిని జనగామ వైపు పల్లె నుంచి స్టూడెంట్‌గా వచ్చి, బ్యాంకులో ఉద్యోగం తెచ్చుకుని, అనంత్‌ని ప్రేమించి పెళ్ళి చేసుకుంది. అంతవరకూ ఆవిడ సర్దుకుంది. నాట్లప్పుడు వాళ్ళ నానమ్మ పాడిన పాటలు తను పాడి ఫోన్‌లో వీడియోలు పెట్టడం మాత్రం భరించలేకపోయింది.

గదిలోంచి వచ్చి చాందిని నిలబడే చెప్పింది. “అత్తమ్మా, నేను జాబ్‌కి రిజైన్ చేసిన. వచ్చే శుక్రవారం లాస్ట్ డే.”

“ఇంతకన్నా మంచిది దొరికిందా?”

“లేదు. ఇంక పాటలే పాడుతా.”

ఝాన్సీలక్ష్మి నవ్వింది. “ఏ పాటలమ్మా? మడిలో కూలివాళ్ళు పెట్టే కూతలా? వాటికి శ్రుతి ఉందా, లయ ఉందా? ముప్పై సెకన్లు ఫోన్ ముందు తల ఊపితే గాయనివైపోతావా? మా గురువుగారు వింటే చెవులు కడుక్కునేవారు. లైకులు వడ్డించుకుని తింటారా మీరిద్దరూ?”

“లైకులతోని ఏం కాదని నాకూ తెల్సు. ఒక వీడియో పన్నెండు లక్షల మంది చూసిన్రు. చూసి, పైకి జరిపేసిన్రు. అండ్లకెల్లి తొమ్మిది వందల మంది మాత్రం పాట మొత్తం కావాలని ఈమెయిల్ ఇచ్చిన్రు. వాళ్ళకు ప్రతి ఆదివారం ఒక పాట పంపిస్త. అది ఎవరు పాడేదో, ఎప్పుడు పాడేదో రాస్త. వాళ్ళు జవాబు రాస్తరు, నేను మళ్ళ రాస్త. కొందరు నెలనెలా ఇంత అని పంపుతున్నరు. కిచెనర్ ఊర్ల ప్రోగ్రాంకు హాల్ తీసుకున్న. టికెట్లు నేనే అమ్ముతున్న, నడుమ ఎవ్వరు లేరు.”

“అడుక్కోవడానికి ఇన్ని మెట్లున్నాయని తెలీదు సుమా!”

“అమ్మా!” అన్నాడు అనంత్.

“నువ్వు తిను.”

ఆ తరవాత చాందిని నోట వచ్చిన మాట ఆమె అనాలనుకున్నది కాదు. “మీరు రేడియోల పాడిన్రు అత్తమ్మా. మంచిగనే పాడిన్రు. విన్నోళ్ళల్ల ఒక్కరి పేరన్న మీకు తెల్సా?”

పెసరట్టు మాడింది. ఝాన్సీలక్ష్మి స్టవ్ ఆపి, పైకి వెళ్ళి తలుపేసుకుంది.

రెండు వారాలు అత్తా కోడళ్ళ మధ్య మాటల్లేవు. ప్రోగ్రాం రోజున మాత్రం, “నేనూ వస్తాను,” అంది ఝాన్సీలక్ష్మి. అనంత్ మురిసిపోయాడు. ఖాళీ కుర్చీలు కళ్ళారా చూడాలని అమ్మ పట్టుచీర కట్టుకుందని అతనికేం తెలుసు!

అదొక చర్చి హాలు. మధ్యాహ్నం రెండింటికి ప్రోగ్రాం. పావు తక్కువ రెండుకి నూట యాభై కుర్చీల్లో పన్నెండు మంది ఉన్నారు. ఝాన్సీలక్ష్మి లెక్కపెట్టి, ముందు వరసలో హాయిగా కూర్చుంది. అంతలో బయట ఒకదాని వెనక ఒకటి సిటీ బస్సులు ఆగాయి. దిగినవాళ్ళు చాలావరకు మన స్టూడెంట్లే: మంచు బూట్లు, వీపున బ్యాగులు, కొందరి ఒంటిమీద డ్యూటీ చొక్కాలు. పదిహేను నిమిషాల్లో గోడల వెంబడి నిలబడాల్సి వచ్చింది. ఊరికే దొరికితే ఎవరు మాత్రం రారు, అనుకుందావిడ. ఒక్కొక్కరూ ఫోన్‌లో టికెట్ చూపించి లోపలికి రావడం చూసి తల తిప్పుకుంది.

చాందిని వేదిక ఎక్కలేదు. డోలక్ పట్టుకున్న ఒక స్టూడెంట్ పక్కన నేలమీదే నిలబడి ఎత్తుకుంది.

“వంగి వంగి నడుమిరిగె ఓ సెల్లె, పొద్దింక వాలదేమే ఓ సెల్లె...”

“ఓ సెల్లె” దగ్గర హాలంతా గొంతు కలిపింది. రెండో చరణంలో చాందినికి ఊపిరి చాలక శ్రుతి జారింది. దొరికావు అనుకుంటూ, ఇంకెవరైనా పట్టుకున్నారేమోనని ఝాన్సీలక్ష్మి పక్కకు చూసింది. పక్క కుర్చీలో పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది.

“ఏమైందమ్మా?”

“ఏం లేదాంటీ. గోదాముల పెట్టెలు మోసే జాబ్ నాది. పది గంటలు వంగుడే. ఇంట్ల లైబ్రరీల జాబ్ అని చెప్పిన.” ముక్కు తుడుచుకుంది. పేరు నిఖిల అట. “ఇండియాకు వాపసు పోతా అని చాందిని అక్కకు మెయిల్ రాసిన. అక్క ఇంత పొడుగు జవాబు రాసింది. తను గూడ రెండేళ్ళు అదే పని చేసిందట. ఏడ్చుకుంట ఈ పాట పాడుకునేదట. నడుము కాదు, మోకాళ్ళు వంచాలె అని గూడ రాసింది.” ఏడుపులోనే నవ్వింది.

తన ఇంట్లో రెండేళ్ళుగా తిరుగుతున్న పిల్ల పెట్టెలు మోసిందని ఝాన్సీలక్ష్మికి తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

పాటలయ్యాక చాందిని ముందు వరస కట్టారు. “వీర్రాజూ, వర్క్ పర్మిట్ వచ్చిందా?” “అమ్ములూ, మీ అమ్మకు ఆపరేషన్ అయిందా?” మొహం చూడనివాళ్ళను కూడా, పేరు చెప్పగానే గుర్తుపట్టి అడుగుతోంది. రేడియో స్టేషన్లో ఎర్రదీపం వెలిగేదనీ, అద్దం వైపు చూస్తూ పాడి, రిక్షా ఎక్కి ఇంటికి వచ్చేసేదాన్ననీ గుర్తొచ్చింది ఝాన్సీలక్ష్మికి. విన్నవాళ్ళుండే ఉంటారు. ఏ ఇంట్లోనో ఎవరో ఏడ్చే ఉంటారు. తను ఎన్నడూ వాళ్ళ గురించి ఆలోచించలేదు. తప్పు లేకుండా పాడానా లేదా, అంతే.

హాలు ఖాళీ అయ్యాక చాందిని కుర్చీలు మడుస్తుంటే, ఝాన్సీలక్ష్మి కొంగు దోపుకుని రెండోవైపు నుంచి మడవడం మొదలుపెట్టింది.

“నేనెందుకొచ్చానో తెలుసా? ఎవరూ రాకపోతే చూద్దామని.”

“తెల్సు అత్తమ్మా.”

“తెలిసీ ముందు వరసలో కూర్చోనిచ్చావా?”

“తిట్టనీకి వచ్చినా, పాట మొత్తం వింటరు గదా అనుకున్న.” చాందిని గొంతు బొంగురుపోయింది. “ఇంట్ల ఒక్కసారి గూడ మొత్తం వినలే మీరు.”

ఝాన్సీలక్ష్మి చేతిలోని కుర్చీ మళ్ళీ తెరిచి, దానిమీదే కూలబడింది. కన్నీళ్ళు పట్టుచీర మీద రాలుతుంటే తుడుచుకోలేదు. చాందిని వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది.

“ఆ రోజు నేనన్న మాట...”

“నిజమే అన్నావులే. ఇంక మాట్లాడకు, ఉన్న గొంతు కూడా పోతుంది.” ఆవిడ కోడలి నుదుటి మీది చెమట తుడిచింది. “రెండో చరణంలో ఊపిరి ముందే ఖర్చుపెట్టేస్తున్నావు. పొద్దున్నే నా దగ్గర కూర్చో, ఎక్కడ పట్టాలో చెప్తాను. పాట జోలికి మాత్రం రాను. అది నువ్వే నాకు నేర్పాలి.”

కారు తెచ్చిన అనంత్ గుమ్మం దాకా వచ్చాడు. అమ్మ ఒళ్ళో చాందిని తల చూసి, పిలవకుండా అక్కడే ఆగిపోయాడు.