నాలుగు గిద్దెల వాము

“నిన్న భేస్తాన్‌లో మన ఇన్ఫార్మర్‌ని కాల్చేశారు,” అన్నాడు చీఫ్ దేవదాస్. “జేబులో ఈ ప్రింటవుట్ దొరికింది.”

ఏజెంట్ జితేందర్ అందుకుని చూశాడు. ‘అవ్వల నాటి రుచులు, అల్లికలు’ అనే ఆన్‌లైన్ పేజీ. పైన నెమలి డిజైన్, కింద ‘ఎల్లవ్వ సకినాలు, 1981’.

“టార్గెట్ హజీరాలో గ్యాస్ ప్లాంట్. విదేశీ ముఠా బాంబు పెట్టేసింది. పేలేది ఇవాళే. ఏ వాల్వ్ రూమ్, ఎన్ని గంటలకు అన్నది ఇందులోనే ఉంది.”

“మీనాక్షి ఏమంటోంది?”

“కోడ్ నెమలి కుట్లలో ఉందట. ఢిల్లీలో నలభై మంది రాత్రి నుంచి కుట్లు లెక్కపెడుతున్నారు.”

వంటకం సంగతేమిటని అడిగితే దేవదాస్ నవ్వాడు. ఢిల్లీ ఆఫీసులో పొయ్యి వెలిగించిన మొనగాడు ఒక్కడూ లేడు మరి.

ఆ పేజీ నడిపేది మీనాక్షే. ముఠా పంపింది ఎక్కించడమే తన పని, అర్థం తనకు చెప్పరంటుంది. ముఠాలో ఉంటూ మనకు సమాచారమిచ్చే డబుల్ ఏజెంట్. అందగత్తె. ఆమె మాటంటే జితేందర్‌కు నమ్మకం. అది డ్యూటీ నమ్మకం ఒక్కటే కాదని ఆఫీసంతటికీ తెలుసు.

మధ్యాహ్నం మూడింటికి కుట్టుమిషన్ మెకానిక్ వేషంలో తెలుగు నేతగాళ్లు స్థిరపడ్డ లింబాయత్‌లోని ఎల్లవ్వ ఇంట్లో అడుగుపెట్టాడు. పక్కింటి పవర్‌లూమ్‌ల మోతకు గోడలు అదురుతున్నాయి. ఎల్లవ్వ ముందు ఒక పాత నోటుబుక్కు. చనిపోయిన భర్త బక్కయ్య రాసిపెట్టింది. ఒక పేజీలో వంట, పక్క పేజీలో గళ్ల కాగితం మీద చీర అంచు. పక్కనే మీనాక్షి కూర్చుని ఒక అంచును ముచ్చటగా దించుకుంటోంది. జితేందర్‌ని ఎరగనట్టే ఉంది.

“ఈ పిల్ల వచ్చినంకనే గీ బుక్కు మల్ల తెరిచిన. నా బిడ్డ లెక్క,” అంది ఎల్లవ్వ. “కొడుకు గోపాల్ హజీరా గ్యాస్ ప్లాంటుల జేస్తడు. పొద్దుగూకితే గాని రాడు.”

జితేందర్ గడియారం చూసుకున్నాడు. మిషన్ విప్పుతూ, మాటవరసకన్నట్టు ఫోన్లోంచి చదివాడు. “ఏడు సోలెల బియ్యం, నాలుగు గిద్దెల వాము…”

“ఆగు. నాలుగు గిద్దెల వామా?” ఎల్లవ్వ మొహం మాడింది. “గంత ఏస్తే చేదు విషం. బియ్యం గూడ రెండు సోలెలే రాసిండు మా ఆయన. బిడ్డా, గిట్లెందుకు రాసినవు?”

మీనాక్షి పెన్సిల్ ఆగింది.

ఏడో వాల్వ్ రూమ్. నాలుగు గంటలు. జితేందర్‌కు ఒళ్లు మండింది, ముందుగా తన మీదే.

ఆమె చేయి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. అతను ఆయిల్ డబ్బా మూతి నొక్కాడు. అందులో ఉన్నది ఆయిల్ కాదు, కళ్లు మండించే మందు. పిస్టల్ కింద పడింది, మీనాక్షి కళ్లు మూసుకుని గోడవారగా జారిపోయింది. జితేందర్ స్క్రూడ్రైవర్ పిడిలోని ట్రాన్స్‌మిటర్‌లో రెండే మాటలు చెప్పాడు.

“కుట్లలో ఉందన్నావు,” అన్నాడు ఆమెతో.

“నువ్వు నమ్మావు,” అంది మీనాక్షి. “అవ్వ చేతి వంట మాత్రం నిజంగానే ఇష్టం.”

ఎల్లవ్వ ఆమె వైపు చూడలేదు. “నా పేరే దొరికిందా నీకు?” అంది.

బాంబు స్క్వాడ్ టైమర్ వైరు కోసేసరికి మూడు యాభై తొమ్మిది. గోపాల్‌కు ఏమీ తెలియదు. సాయంత్రం ఇంటికొచ్చి రోజూలాగే టీ అడిగాడు.

మర్నాడు దేవదాస్ జితేందర్‌ను వెంటబెట్టుకుని స్వయంగా వచ్చి, విషయం ఎక్కడా చెప్పనని ఎల్లవ్వ చేత వేలిముద్ర వేయించుకున్నాడు. ముఠాలో మిగిలినవాళ్లకు అనుమానం రాకుండా పేజీని అలాగే ఉంచుతారట.

“నా పేరన్న తీసేయుండ్రి సారూ.”

కుదరదన్నాడు. పైగా బక్కయ్య నోటుబుక్కును సాక్ష్యం కింద పట్టుకుపోయాడు. జితేందర్‌కు సిగ్గేసింది, తల వంచుకుని వెనకే బయల్దేరాడు.

అతను చెప్పులేసుకుంటుండగా పక్కింటి లింగవ్వ పళ్లెంతో వచ్చింది. “ఏమక్కా, ఫోన్ల జూసి నీ సకినాలు జేసిన. కుక్క గూడ ముట్టలే. ఏం కొలత జెప్పినవు?”

ఆ వాడకట్టులో సకినాలంటే నలభై ఏళ్లుగా ఎల్లవ్వ పేరే చెబుతారు. ఆమె జితేందర్ వైపు ఒక్కసారి చూసింది.

“ముసలిదాన్నైతి గద లింగవ్వా,” అంది. “మర్సిపోయిన.”

పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఇంత పక్కాగా రహస్యం దాచిన మనిషిని జితేందర్ చూడలేదు. ఈమెకు జీతం కూడా లేదు.