ఊచల గది దప్పిక

పొద్దుగూకితే సున్నపుగుట్ట ఔట్‌పోస్టు దారిన ఎవరూ పోరు. అవసరమైతే గుట్టంతా చుట్టి పోతారు గానీ ఆ దారి తొక్కరు. రాత్రిపూట ఆ పోలీసు గది వెనక కిటికీ దగ్గర ఎవరో నీళ్లడుగుతారని మాట. పలికినవాడికి తెల్లారేసరికి ఒళ్లు కాలిపోయే జ్వరం. ఒక కానిస్టేబులైతే బూట్లు అక్కడే వదిలేసి ఉరికాడట. వాటికోసం కూడా మళ్లీ రాలేదు, కొత్త జతే పాపం.

ఊరికి ఆ దెయ్యమంటే భయమే. కానీ భయం అడుగున కొంచెం సంతోషం కూడా ఉండేది.

ఎందుకంటే... ఊరు తిమ్మయ్యను మరిచిపోలేదు. బోరు మోటారు ఎత్తుకుపోయాడన్న అనుమానంతో అతన్ని ఒక ఎండాకాలం ఆ ఊచల గదిలో వేశారు. రాత్రంతా నీళ్లు, నీళ్లు అన్నాడు. కాపలా ఉన్న గోపన్న చెంబు నిండా తెచ్చి, ఊచల ముందు నిలబడి, తిమ్మయ్య చూస్తుండగా నేలమీద పోశాడు. మళ్లీ తెచ్చాడు... మళ్లీ పోశాడు. తెల్లారేసరికి తిమ్మయ్య ప్రాణాలతో లేడు. మూర్ఛ వచ్చిందన్నారు. అసలు దొంగ తర్వాత ఇంకెక్కడో దొరికాడు.

కొడవలి పట్టి తరుముకొచ్చిన పగవాడైనా సరే, గడప ముందు దాహమంటే చెంబు అందించే సీమ ఇది. అలాంటి చోట ఆ పని చేశారు. ఆనాటి నుంచి సున్నపుగుట్టలో ఏ ఇల్లూ పోలీసుకు నీళ్లివ్వలేదు. తిట్టలేదు, కొట్టలేదు. నీళ్లు మాత్రం పోయలేదు.

ఇదేమీ తెలియకుండానే వచ్చింది ఎస్సై యామిని, పత్తికొండ పిల్ల. మూతబడిన ఔట్‌పోస్టును తెరిచి, జనం భయం లేకుండా గడప ఎక్కేలా చేయమని పైనుంచి ఆర్డరు. వానలు పడేలోపు ఒక్క ఫిర్యాదైనా రాకుంటే మళ్లీ తాళం వేస్తామన్నారు. సున్నం కొట్టించింది. కుర్చీలు వేయించింది. పందిరి కింద కుండ పెట్టించింది. ఎవరూ రాలేదు.

ఒకరోజు ఎండలో ఊరంతా తిరిగి, నాలుక పిడచగట్టుకుపోయి, ప్రేమమ్మ టీ కొట్టు ముందు ఆగి నీళ్లడిగింది.

"కొళాయి రాలేదు మేడం," అంది ప్రేమమ్మ, పారే కొళాయి కింద గ్లాసులు కడుగుతూ.

యామినికి కోపం రాలేదు. నీళ్లు కూడా ఇవ్వనంత పని ఈ ఖాకీ ఏం చేసిందోనని సిగ్గేసింది.

ఆ సాయంత్రం గోపన్న, అప్పటి కాపలావాడే, ఇప్పుడు హెడ్ కానిస్టేబుల్, సైకిలెక్కబోతూ ఆగాడు. చీకటి పడ్డాక అతను అక్కడ ఉండడు.

"రాత్రి కిటికీకాడ్నించి పిలిస్తే పలకొద్దు మేడం."

"ఎవరు పిలుస్తారు గోపన్నా?"

అతను కిటికీ వైపు చూడకుండానే సైకిలెక్కాడు.

కరెంటు పోయింది. గాలి లేదు. కుర్చీలో కునుకు పట్టబోతుండగా... వెనక నుంచి, నెమ్మదిగా—

"రొన్ని నీళ్లు..."

యామిని కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది. ఎవరో కొన్ని నీళ్లడుగుతున్నారు.

"రొన్ని నీళ్లు పోయండి సామీ..."

పారిపోదామనే అనిపించింది. కానీ దాహమన్నవాళ్లకు లేదనకూడదని వాళ్ల అవ్వ చెప్పి చెప్పి పెంచిన పిల్ల. రాత్రికి లోపల పెట్టుకున్న కుండలో చెంబు ముంచింది. గోడ పట్టుకుని కిటికీ దగ్గరకు పోయింది. చెంబు బయటికి చాపింది.

చీకట్లోంచి ఒక చేయి వచ్చి అందుకుంది. ముడతలు పడిన చేయి... గాజుల్లేని చేయి.

టార్చి వేసింది. ముసలామె. నీళ్లు తాగలేదు. చెంబును గుండెకు ఆనించుకుని నిలబడింది.

"నా కొడుకు ఈడనే నీళ్లకు సచ్చినాడు. అప్పట్నించి అడుగుతాండా. అందరూ ఉరికినారు. నువ్వొక్కదానివే లేచినావు."

ఆమె తిమ్మయ్య తల్లి సుబ్బరత్నమ్మ. ఈ గదిలో పోలీసు అనేవాడికి నిద్ర పట్టకూడదని ఒట్టు పెట్టుకుని ఆమె ప్రతి రాత్రీ ఆ కిటికీ దగ్గరకు వచ్చేది. అదీ ఊరి దెయ్యం కథ.

యామిని ఆమెను లోపలికి తెచ్చి కుర్చీ వేసింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. ఔట్‌పోస్టుకు వచ్చిన మొదటి ఫిర్యాదు అదే, అదీ సొంత హెడ్ కానిస్టేబుల్ మీద. ఫోన్లు మోగాయి. బతిమాలినవాళ్లు బతిమాలారు, బెదిరించినవాళ్లు బెదిరించారు. యామిని కాగితం వెనక్కి తీసుకోలేదు. తిమ్మయ్య పోయిన రాత్రి నీళ్లు నేలపాలు చేయడం కళ్లారా చూసిన పాత కానిస్టేబుల్ ఒకడు, ఇన్నాళ్లకు నోరు విప్పి సాక్ష్యం చెప్పాడు.

గోపన్నను అరెస్టు చేసిన సాయంత్రం ప్రేమమ్మ నీళ్ల బిందెతో వచ్చి పందిరి కింద దించింది. యామిని గ్లాసు ముంచుకుని తాగింది. కళ్లల్లో కూడా నీళ్లు తిరిగాయి.

వ్యాను తెల్లారితే గానీ రాదు. అంతవరకూ గోపన్న ఆ ఊచల గదిలోనే ఉండాలి.

"వాణ్ని తీసకపొయ్యేదాంక ఈడనే కూచుంటా," అంది సుబ్బరత్నమ్మ. యామిని కాదనలేదు.

నడిజాము దాటింది. లోపల్నించి గొంతు—

"నీళ్లు... రొన్ని నీళ్లు మేడం..."

గోపన్నే. భయానికి గొంతు ఎండిపోయింది. యామిని లేవబోయింది. ముసలామె ఆమె భుజం మీద చేయి వేసి, తానే లేచింది. కుండ దగ్గరకు పోయి చెంబు నింపింది. ఊచల ముందు నిలబడి ఒక్క క్షణం నేల వైపు చూసింది.

సుబ్బరత్నమ్మ నేలమీద పోయలేదు. ఊచల సందున చెంబు అందించింది.

గోపన్న రెండు చేతులా అందుకుని నోటికెత్తాడు. గటగటా తాగుతున్న చప్పుడు... ఆగకుండా, ఎన్నాళ్ల దాహమో అన్నట్టు.

చెంబు దించాడు. ఖాళీ. కానీ పెదవులు తెల్లగా పొక్కులు కట్టి ఎండిపోయే ఉన్నాయి. చొక్కా మీద తడి లేదు. నేలమీద చుక్క లేదు.

"నేను తాగలేదు... నేను తాగలేదు మేడం..."

అతని వెనక, చీకటి మూలనుంచి, తృప్తిగా ఒక నిట్టూర్పు.

"అమ్మా... ఇంగ రొన్ని."

యామిని రెండడుగులు వెనక్కి వేసింది. సుబ్బరత్నమ్మ మాత్రం కంగారుపడలేదు. ఊచల్లోంచి చెంబు వెనక్కి తీసుకుంది. కొంగుతో కళ్లొత్తుకుని, కుండ వైపు నడిచింది.

"అవ్వా... నాకు?" అన్నాడు గోపన్న, ఊచలు పట్టుకుని.

"ఉండు నాయనా," అంది ఆమె, చెంబు ముంచుతూ. "వాని దప్పిక తీరినంక నీకు పోస్తా."