వెనక సీట్లో ఎవరూ లేరు

"ఈ బండి ఉత్తరం దాకా మనల్ని మోస్తుందా, దీన్ని మనం మోయాలా?"

లియూ త్వాన్‌తో అన్న మొదటి మాట అది. అతని బండి తాళం ఆమె చేతిలో ఉంది.

సైగాన్ నుంచి దేశం ఉత్తర కొస దాకా బండ్ల మీద వెళ్లే గుంపుల్లో జంటలు ఇలాగే కుదురుతాయి. నడిపేవాళ్లు తాళాలన్నీ ఒక హెల్మెట్‌లో వేస్తారు. వెనక కూర్చునేవాళ్లు కళ్లు మూసుకుని తలా ఒకటి తీస్తారు. ఎవరి తాళం వస్తే చివరిదాకా వాళ్ల వెనకే. నచ్చకపోతే నోరు మూసుకోవాలి.

"బండి పాతదే. నడిపేవాడు కొత్తవాడే కదా," అన్నాడు త్వాన్.

"నా భయమూ అదే. ఏ సంవత్సరం పుట్టావు?"

"గుర్రం." అక్కడ ఒక్కో సంవత్సరానికి ఒక్కో జంతువు పేరు.

"నేను పాము. పాము వెళ్లాకే గుర్రం వస్తుంది, అంటే నీకన్నా ఏడాది పెద్దదాన్ని. అక్కా అని పిలువు."

"గుర్రం ఎక్కడైనా పాముని అక్కా అంటుందా?"

"తొక్కితే ఏమవుతుందో తెలిసిన గుర్రం అంటుంది. పిలువు."

పిలవలేదు. బండి స్టార్ట్ చేశాడు. ఆ రోజు నుంచి ఆమెను పిలవాల్సి వచ్చినప్పుడల్లా దగ్గేవాడు.

గుంపుకి పెద్ద కూంగ్. బండ్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. ముందు బండి అతనిది. చివరి బండి హౌ అక్కది, ఆమె వెనక సీటు ఖాళీ. ఆమెకు చేపల మార్కెట్లో కొట్టు ఉంది, అక్కడి గొంతు ఇక్కడికీ తెచ్చుకుంది. కూంగ్‌ని ఎవరూ దాటకూడదు, హౌ అక్క వెనక ఎవరూ మిగలకూడదు. ఇంకో నియమం ఉంది. దారిలో అలిగి బండి దిగిపోయినవాళ్లు తర్వాతి స్టేషన్లో రైలెక్కి ఇంటికి పోవాల్సిందే. అంతకు ముందు ప్రయాణంలో ఒకమ్మాయి అలా దిగిపోతే ఆమె కోసం కొండల్లో పిచ్చివాడిలా తిరిగాడు కూంగ్. అప్పటినుంచి ఈ విషయంలో ఎవరి ఏడుపూ వినడు.

లియూ పెళ్లిబట్టల దుకాణంలో కుట్టుపని చేస్తుంది. ఈ సెలవు కోసం యజమానురాలిని బతిమాలి బతిమాలి విసిగించింది. ఇంట్లో అన్నలు నవ్వారు. ఈత సగంలో మానింది, గిటారు సగంలో మానింది, కుదిరిన సంబంధాన్ని కూడా సగంలో వద్దంది. 'సగం దారి లియూ' అని పేరు పెట్టారు.

ఆ సంగతి న్యా చాంగ్ దాటాక సముద్రపు గాలిలో త్వాన్ చెవి దగ్గర అరిచి చెప్పింది.

"హుయే చేరగానే వెనక్కి వచ్చేస్తానంట. హుయే సరిగ్గా సగం కదా. మా పెద్దన్న పందెం కూడా కాశాడు."

"ఓడిపోతాడులే."

"ఉత్తర కొసన లుంగ్ కూ కొండమీద జెండా కింద నిలబడి ఫోటో పంపాలి వాళ్లకి. నాకు ఇంకేం వద్దు."

"పంపుదాం."

"నేను పంపుతాను. నువ్వు రోడ్డు చూడు. గేదె."

గేదె తప్పుకుంది. త్వాన్ మనసు మాత్రం తప్పుకోలేదు. మర్నాడు బండి అద్దాన్ని ఆమె ముఖం కనబడేలా తిప్పుకున్నాడు.

"ఇలా పెట్టుకుంటే వెనక లారీ కనబడదు," అంది లియూ.

"లారీని చూసి ఏం చేస్తాను?"

"చూడకపోతే చస్తావు. నన్నూ చంపుతావు." చెయ్యి చాచి అద్దం తిప్పేసింది. ఆ చెయ్యి వెనక్కి వెళ్లేటప్పుడు అతని భుజం మీద ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణాన్ని తలుచుకుంటూ త్వాన్ రెండు ఊళ్లు దాటాడు.

డా నాంగ్‌లో వాన అందుకుంది. హై వాన్ కనుమ ఎక్కేముందు అందరూ పెట్రోలు బంకులో ఆగారు. త్వాన్ బండికి ట్యాంకు సీటు కిందే. పోయించుకోవాలంటే ఇద్దరూ దిగాలి. దిగారు. లియూ తడిసిన సాక్సులు పిండుకోవడానికి గోడ పక్కకు వెళ్లింది. ఇద్దరికీ కలిపి ఒకటే రెయిన్‌కోటు. ముందు సగం అతనికి, వెనక సగం కింద ఆమె.

కూంగ్ హారన్ కొట్టాడు. బండ్లు కదిలాయి, హౌ అక్క బండి ఒక్కటే ఇంకా పంపు దగ్గర ఉంది. త్వాన్ సీటు మూసి, రెయిన్‌కోటు తగిలించుకుని ఎక్కాడు. వెనక కట్టిన సంచి, తాడు వదులై, ముందుకు జారి అతని వీపుకు ఆనింది.

అతనికి ఒళ్లు జల్లుమంది. ఇన్నాళ్లూ ఆమె మధ్యలో జానెడు ఖాళీ వదిలి కూర్చునేది. చలికి దగ్గరికి జరిగిందనుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే మళ్లీ దూరం జరుగుతుందేమోనని చూడలేదు. బండి పోనిచ్చాడు.

ఆ చూడకపోవడాన్ని ప్రేమ అనుకున్నాడు. మూర్ఖులు చాలామంది అలాగే అనుకుంటారు.

కనుమ మీద మేఘాలు రోడ్డు మీదికి దిగాయి. ముందు బండి ఎర్రదీపం తప్ప ఏమీ కనబడలేదు. ముఖం కనబడనప్పుడు త్వాన్‌కి ధైర్యం ఎక్కువ.

"నువ్వేం మాట్లాడకు. విను చాలు," అన్నాడు. "నిన్ను అక్కా అని ఎందుకు పిలవలేదో నీకు తెలుసు. అక్కని ఎవరూ పెళ్లి చేసుకోరు. మా అమ్మ బెన్ చేలో, మా సొంతూళ్లో, కొబ్బరి మిఠాయిలు చేస్తుంది. కోపిష్టి మనిషే, కానీ నిన్నేమీ అనదు. నువ్వు కుట్టుకో, నేను మిఠాయిలు అమ్ముకొస్తాను. సాయంత్రం నన్ను తిట్టడానికి ఒక మనిషి కావాలి. నీ అంత బాగా ఎవరూ తిట్టరు."

జవాబు రాలేదు. మౌనం అర్ధాంగీకారం అనుకున్నాడు. మిగతా అర్ధం కోసం కొండ దిగేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

లాంగ్ కోలో నూడుల్స్ హోటలు ముందు త్వాన్ ఆగేసరికి ముందు వచ్చినవాళ్లు తింటున్నారు. కూంగ్ గిన్నెలోంచి తల ఎత్తి ఇటు చూశాడు.

"నీ వెనక మనిషేదిరా?"

త్వాన్ రెయిన్‌కోటు ఎత్తాడు. సంచి.

నిజం చెప్పడానికి ఒక ఊపిరి చాలు. కానీ చుట్టూ గుంపంతా ఉంది. అందరి చేతుల్లో గిన్నెలున్నాయి, అందరి కళ్లూ సంచి మీద ఉన్నాయి. ఇంత కనుమ ఎక్కి దిగి, వెనక మనిషి లేదని తెలియనివాడిని ఏమంటారో అతనికి తెలుసు.

"మాటా మాటా అనుకున్నాం. దిగిపోయింది," అన్నాడు. "హౌ అక్క బండి మీద వస్తానంది."

కూంగ్ చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు.

కాసేపటికి హౌ అక్క బండి వచ్చింది. వెనక లియూ. ఆమె మీద రెయిన్‌కోటు లేదు. ఫోను త్వాన్ బండి మీది సంచిలో ఉండిపోయింది. జుట్టు ముఖానికి అంటుకుపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"నువ్వే దిగిపోయావా?" అడిగాడు కూంగ్.

లియూ త్వాన్ వైపు చూసింది. చాలాసేపు చూసింది. త్వాన్ గిన్నెలోకి చూస్తున్నాడు.

"అవును," అంది.

"నియమం తెలుసు కదా. రేపు పొద్దున హుయేలో రైలు."

"తెలుసు."

హౌ అక్క ఏదో అనబోయింది. లియూ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

హుయేలో లాడ్జి వరండాలో లియూ తీగమీద బట్టలు ఆరేస్తోంది. త్వాన్ వెళ్లి నిలబడ్డాడు. దగ్గాడు.

"జలుబా?" అంది తిరక్కుండానే. "తడిసింది నేను."

"ఎందుకు అవునన్నావు?"

"నువ్వు నోరు తెరుస్తావేమోనని చూశాను. తెరవలేదు. నన్ను వాడు మరిచిపోయి పోయాడని నా నోటితో నేనే చెప్పుకోనా? నాకూ ఉంటుంది సిగ్గు."

"మరిచిపోలేదు. నువ్వు ఎక్కావనే..."

"నువ్వు కదిలినప్పుడు నేను అరిచి ఉంటే ఆగేవాడివి. అరవలేదు. ఎందుకో తెలుసా? ఆటపట్టిస్తున్నావనుకున్నాను. మలుపు దాకా పోయి తిరిగొస్తావనుకున్నాను. వానలో నవ్వుతూ నిలబడ్డాను, త్వాన్. చెయ్యి కూడా ఊపాను. బంకులో పనిచేసే ఆవిడ నన్ను చూసి, 'లోపలికి రామ్మా' అంది జాలిగా. అప్పటిదాకా నవ్వుతూనే ఉన్నాను."

ఒక సాక్సు దులిపి తీగమీద వేసింది.

"వదిలేసి పోవడం పొరపాటు. అది మనిషికి జరుగుతుంది. తర్వాత చేసింది పొరపాటు కాదు."

"క్షమించు."

"ఇక్కడ, ఎవరూ లేనిచోట అడగడం చాలా తేలిక."

త్వాన్ ఆ పూట అందరితో కూర్చుని తిన్నాడు. చెబుదామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. మొదటిసారి ఎవరో ఉప్పు అందించమన్నారు, అందించాడు. రెండోసారి అదీ అడగలేదు. అయినా చెప్పలేదు. తన పిరికితనానికి ఉప్పు కూడా అక్కర్లేదని అతనికి అర్థమైంది.

పొద్దున స్టేషన్ ముందు బండ్లు వరసగా నిలిచాయి. గుంపులో అందరూ వేసుకునే ఎర్రచొక్కా మడిచి లియూ కూంగ్ చేతికిచ్చింది. ఇంటికి అప్పటికే ఫోన్ చేసిందని, పెద్దన్న నవ్వాడని హౌ అక్క ఎవరితోనో అంటోంది.

"ఆమె దిగిపోలేదు," అన్నాడు త్వాన్.

గొంతు సరిగ్గా రాలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి ఇంకా కష్టం.

"ఆమె దిగిపోలేదన్నా. బంకులో నేనే వదిలేసి వచ్చాను. మీకు అబద్ధం చెప్పాను."

"మరి ఇంత కనుమ దాటావు," అన్నాడు కూంగ్. "వెనక మనిషి లేదని తెలియలేదా?"

"సంచి వీపుకి తగులుతోంది. ఆమే అనుకున్నాను. మాట్లాడుతూ వచ్చాను."

"సంచితోనా?" అంది హౌ అక్క. "ఏం మాట్లాడావురా అంత దూరం?"

త్వాన్ చెవులు ఎర్రబడ్డాయి. తల ఇంకా కిందికి దిగింది.

"పెళ్లి గురించి."

ముందు ఒకరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. రైలుకోసం వచ్చిన ముసలమ్మ కూడా, సంగతేమిటో తెలియకుండానే, నవ్వింది. లియూ నవ్వలేదు. కూంగ్ నవ్వలేదు.

"రైలు నిన్ను ఎక్కించాలి," అన్నాడు కూంగ్. "బండితో సహా."

"ఎక్కుతాను. ఆమెను పంపొద్దు."

కూంగ్ చేతిలోని ఎర్రచొక్కాను కాసేపు చూశాడు. దాన్ని లియూకి తిరిగిచ్చాడు.

"వీడిని ఏం చేయమంటావో నువ్వే చెప్పు."

లియూ చొక్కా వేసుకుని గుండీలు పెట్టుకుంది. తొందరేమీ పడలేదు.

"సంచులతో బాగా కలిసిపోతాడు కదా. అందరి సంచులూ ఇతని బండికే కట్టండి. నేను హౌ అక్క వెనక కూర్చుంటాను."

అలాగే జరిగింది. హుయే నుంచి ఉత్తరానికి త్వాన్ సామాను బండి నడిపాడు. సంచి గురించిన హాస్యం ప్రతి ఊళ్లో కొత్తగా పుట్టింది. ఎదురు చెప్పలేదు. ఎక్కడ ఆగినా అందరూ ఎక్కారని చూసుకున్నాకే తను ఎక్కేవాడు. చివరి బండి మీద కూర్చున్న లియూకి అన్ని మైళ్లూ అతని వీపే కనబడింది. నిన్ బిన్ దగ్గర అతను మంచినీళ్లు ఇస్తే తీసుకుంది. మాట్లాడలేదు. హనోయ్‌లో అడిగింది, "ఆ తాడు సరిగ్గా కట్టావా?" అని. కట్టానన్నాడు. మళ్లీ హా జ్యాంగ్ కొండల దాకా మాట లేదు.

లుంగ్ కూలో గాలి మనుషుల్ని తోసేస్తోంది. లియూ జెండా కింద నిలబడింది. హౌ అక్క ఫోటో తీసింది. అన్నలకు పంపగానే జవాబు వచ్చింది. చదివి ఫోను జేబులో పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా కళ్లు తుడుచుకుంది.

మెట్లు దిగి వచ్చి త్వాన్ బండి మీది సంచులు విప్పడం మొదలుపెట్టింది.

"ఇవి మీరు పెట్టుకోండి అక్కా."

"ఏం, నా వెనక చేపల వాసనా?" అంది హౌ అక్క.

"అవును."

"ముండా," అంది హౌ అక్క ప్రేమగా, సంచులు అందుకుంటూ.

లియూ ఎక్కి కూర్చుంది. ఈసారి జానెడు ఖాళీ లేదు.

"నిన్ను క్షమించలేదు. బండెక్కాను, అంతే. రెండూ వేరు."

"సరే."

"కనుమ మీద సంచికి చెప్పింది నాకు చెప్పు."

త్వాన్ చుట్టూ చూశాడు. గుంపంతా బండ్ల మీద సిద్ధంగా ఉంది.

"ఇంతమంది ముందా?"

"అబద్ధం ఇంతమంది ముందే కదా చెప్పావు."

కూంగ్ తన ఇంజను ఆపేశాడు. అది చూసి మిగతావాళ్లూ ఒక్కొక్కరే ఆపారు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

త్వాన్ హ్యాండిల్ వైపు, రోడ్డు వైపు, తన బూట్ల వైపు చూశాడు.

"మా అమ్మ బెన్ చేలో..." అని మొదలుపెట్టాడు.

"వెనక్కి తిరిగి," అంది లియూ. "తల ఎత్తి."

తిరిగాడు. ఎత్తాడు.