దొంగ బీ-టూ ముద్ర

న్యూకాసిల్‌లోని అంబులెన్స్ కంట్రోల్ సెంటర్ మెట్లెక్కేటప్పటికి పద్మనాభం దగ్గర ఉన్నవి ఇవి: ఒక స్క్రూడ్రైవర్, ఒక భూతద్దం, అగ్గిపెట్టెంత ఉన్న అసలైన బీ-టూ ప్రాసెసర్ చిప్ ఒకటి, నలభై నిమిషాల టైమ్. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన స్కానర్ పెన్ను కూడా జేబులో ఉంది. అది లండన్ శివారు హారో దాటకముందే చెడిపోయింది కాబట్టి లెక్కలోకి రాదు.

పైకి అతను కంప్యూటర్ విడిభాగాల వ్యాపారి. ఇరవై ఏళ్లు ఆ వేషం వేసి వేసి నిజంగానే వ్యాపారి అయిపోయిన సీక్రెట్ ఏజెంట్.

నిన్న సాయంత్రం చీఫ్ విమల బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించింది.

"ఆర్కిడ్ ముఠా అండీ. విదేశాల్లో పారేసిన ఏ-జీరో చిప్పులు కొని, పైన అచ్చు గీకేసి, బీ-టూ అని ముద్ర కొట్టి అంటగట్టారు."

ఏ-జీరో అంటే ఆ చిప్ మొదటి రివిజన్. వేడెక్కితే లెక్క తప్పుతుంది. బీ-టూలో ఆ తప్పు సరిదిద్దారు.

"రేపు పదకొండింటికి న్యూకాసిల్ అంబులెన్స్ సెంటర్లో ఆ చిప్పులు పెట్టిన మూడు కొత్త సర్వర్లు ఆటోమేటిక్‌గా లైవ్‌కి వెళ్తాయి. లోడ్ పడితే అంబులెన్సులు తప్పు వీధులకి పోతాయి. ప్రాణాలు పోతాయి."

"ఆపేయమనండి."

"రుజువు లేకుండా ఆపరట. సప్లయర్ కంపెనీలో మన మనిషి మధులిక ఉంది. కలవండి."

రిసెప్షన్‌లో మధులిక ఎదురొచ్చింది. ఎర్ర సిల్కు స్కార్ఫు, ఖరీదైన సెంటు.

"ఈరోజు నది మీద పొగమంచు లేదు," అంది.

"అయితే గొడుగెందుకు తెచ్చారు?"

కోడ్ కుదిరింది. ఇలాంటివి రాసేవాళ్లకి ఆఫీసులో వేరే పని ఉండదని పద్మనాభం అభిప్రాయం. ఇద్దరూ ఇరుకు లిఫ్ట్‌లో పైకి వెళ్లారు.

సర్వర్ రూమ్‌లో ఐటీ మేనేజర్ భానుప్రకాష్ కాఫీ తాగుతున్నాడు. కాకినాడ కుర్రాడు.

"అంకుల్, అనవసరంగా శ్రమ పడ్డారండీ. స్క్రీన్ మీద మూడూ బీ-టూ అనే చూపిస్తున్నాయి కదా."

"ఆ స్క్రీన్‌కి కబురు చెప్పే ఫర్మ్‌వేర్ ఎవరిచ్చారు?"

"సప్లయరేనండీ."

"దొంగ పేరు దొంగనే అడిగి రాసుకున్నావన్నమాట."

మధులిక కల్పించుకుంది. "మూడో సర్వర్ చూడండి. ఆదివారం రిహార్సల్‌లో రూట్ తప్పింది అందులోనే."

పద్మనాభం మూడోది ఆఫ్ చేసి, చిప్ బయటకు తీసి, వేడి లాగడానికి పైన పూసిన పేస్టు తుడిచాడు. పైన బీ-టూ అని శుభ్రంగా ఉంది. తిప్పాడు. అడుగున నూక గింజల్లాంటి కెపాసిటర్లు మూడు వరుసలు. తను తెచ్చిన అసలు చిప్‌కి రెండే.

పై ముద్రకి లేజర్, స్క్రీన్‌కి దొంగ ఫర్మ్‌వేర్. ఇంత తతంగం నడిపి, కొనేవాడు సరుకు తిరగేసి చూడడని అడుగు వదిలేశారు. సంతలో ఒక్క పూట కూర్చోలేని మొహాలు!

"అమ్మయ్య! దీన్ని పక్కన పెట్టి మిగతా రెండింటితో లైవ్‌కి వెళ్దాం," అన్నాడు భానుప్రకాష్.

"కరెక్ట్. పదీ నలభై ఎనిమిది అయింది," అంది మధులిక.

పద్మనాభం కదల్లేదు. వంకాయలు అమ్మేవాడు పుచ్చుది ఒకటి తనంతట తానే తీసి పక్కన పడేశాడంటే, మిగతా బుట్ట మనం వెతక్కుండా ఉండడానికే.

"ఒకటోది కూడా విప్పుతాను."

"టైమ్ లేదండీ." మధులిక నవ్వు పలచబడింది.

విప్పాడు. అడుగున మూడు వరుసలు. గడియారంలో పదీ యాభై ఎనిమిది.

"రెండోది విప్పే టైమ్ లేదు. లోడంతా దాని మీదే పడుతుంది. ఆపెయ్యి, భానూ!"

"ఛేంజ్ రిక్వెస్ట్ లేకుండా ఆపకూడదు అంకుల్. అప్రూవల్‌కి ఐదు వర్కింగ్ డేస్ పడుతుంది."

"విన్నారుగా," అంటూ మధులిక హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెట్టింది. వెతికింది. ఖాళీ చెయ్యే బయటకొచ్చింది.

"మీ పిస్టల్ లిఫ్ట్‌లోనే తీసేశానండీ," అన్నాడు పద్మనాభం. "మధ్యవర్తి సంచి చూడకుండా నేను బేరానికి కూర్చోను."

పదకొండుకి ఇంకా మూడు సెకన్లు ఉన్నాయనగా రెండో సర్వర్ కేబుల్ పట్టి పీకాడు. ఎర్ర లైటు వెలిగింది. కాల్స్ పాత సర్వర్ మీదే ఉండిపోయాయి.

పదకొండూ మూడుకి మొదటి కాల్. గేట్స్‌హెడ్‌లో ఒక పెద్దాయనకి గుండెనొప్పి. అంబులెన్స్ సరైన వీధికే వెళ్లింది. తలుపు తీసేసరికి ఆయనకి ఊపిరి ఉంది.

సెక్యూరిటీ వాళ్లు మధులికని తీసుకుపోయాక విమల ఫోన్ చేసింది.

"ఏం మిగిలింది పద్మనాభం గారూ?"

"రెండోది కూడా విప్పానండీ. మూడు దొంగ చిప్పులు, ఒక పిస్టల్, మన జీతం తింటూ వాళ్లకి పనిచేసిన మనిషి ఒకరు, ఒక పెద్దాయన ప్రాణం. పోయింది ఒక కేబుల్ క్లిప్పు."

"భానుప్రకాష్ ఏమంటున్నాడు?"

పద్మనాభం సర్వర్ రూమ్ అద్దాల తలుపులోంచి లోపలికి చూశాడు.

"కేబుల్ పీకినందుకు నా మీద ఇన్సిడెంట్ రిపోర్టు రాస్తున్నాడండీ. చిప్ రివిజన్ అన్న గడిలో ఇప్పుడే బీ-టూ అని నింపాడు. స్క్రీన్ చూసి."