అచ్చుల పుస్తకం

“పదో తరగతి పిల్లలకు అ, ఆ, ఇ, ఈ పంపుతారా?”

బడి లైబ్రరీలో సుకన్య పార్సిల్లోంచి ఒక్కో పుస్తకం తీసి బల్లమీద పెడుతోంది. పన్నెండు పుస్తకాలు. పన్నెండింటి మీదా అమ్మ, ఆవు బొమ్మలే.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా వానలో బైకు మీద వచ్చిన ధనుంజయ చొక్కా నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆదోనిలో అతనిది పుస్తకాల అంగడి.

“మీ పిల్లోళ్లే అడిగినారు టీచర్. సూడండి, ఇదే అడిగినవి పన్నెండు చీటీలు.”

చీటీల ఆలోచన సుకన్యదే. ఏం చదవాలనుందో రాసి డబ్బాలో వేయమంది. తాను చూడనని మాటిచ్చి, సీలు వేసి అంగడికి పంపింది. టీచరు చూస్తుందంటే పిల్లలు నిజం రాయరు. దసరా సెలవులలోగా పిల్లలు లైబ్రరీకి రాకపోతే గదిని ల్యాబుకు ఇచ్చేస్తానని హెడ్మాస్టరు జయరాం చెప్పేశారు. ఇంక నెల రోజులే ఉంది.

మాట తప్పుతున్నందుకు నొచ్చుకుంటూనే ఆమె పై చీటీ చదివింది. ‘అచ్చుల గురించి మంచి పుస్తకం కావాలి.’ మనస్విని రాత. ఆ పిల్ల ఇంట్లో రెండు మగ్గాలు.

సుకన్యకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వింది. ఆ చప్పుడుకు తానే ఉలిక్కిపడింది. ఉగాదికి నాయన పోయినప్పటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

“నవ్వుతాండారేంది?”

“అచ్చంటే మగ్గంలో ఉండేదండీ. దువ్వెన మాదిరి ఉంటుంది. ప్రతి పోగూ దాని పళ్ల సందులోంచే పోవల్ల.”

ధనుంజయ తల గోక్కున్నాడు. “మా ఇంట్లో పత్తి యాపారం. బేళ్ల దాకానే మాకు తెలుసు. అంగట్లో అయితే అచ్చంటే రెండే. ఒకటి అఆలు, ఇంకోటి ప్రింటింగు.”

“మరి మగ్గం అచ్చుల పుస్తకం?”

“నాకు తెలిసి యాడా లేదు.”

“అయితే రాయిస్తాను.”

“రాయిస్తే నేను అచ్చేస్తా.”

“ఏ అచ్చు?” అంది సుకన్య, ముఖం మామూలుగా పెట్టి.

ఈసారి నవ్వు అతని వంతయింది.

ఆ వారమంతా పిల్లలు ఇళ్లలో పెద్దలను పట్టుకుని అచ్చుల సంగతులు రాసుకున్నారు. మనస్విని అవ్వ తిమ్మక్క బడికే వచ్చి, “రాసుకోండే! తెగిన పోగు ఎట్ల అతకల్లో మీ టీచరుకు గూడా సరిగ్గా రాదు” అంది. పిల్లలు గొల్లుమన్నారు. సుకన్య ఒప్పుకుంది. నేర్పుతానని నాయన మగ్గం దగ్గరికి ఎన్నిసార్లు పిలిచినా, పరీక్షలున్నాయని తప్పించుకుంది మరి.

ధనుంజయ శనివారం శనివారం వచ్చాడు. ప్రూఫులు తెచ్చాడు. క్రికెట్టు, దెయ్యాలు, బైకు రిపేరు పుస్తకాలు తెచ్చాడు. ఒకసారి ఊరికే ఇస్తానని నీతికథల కట్ట కూడా దించబోయాడు.

“వద్దు. వాకిట్లోనే నీతులు చెప్తే లోపలికెవరొస్తారు?”

“కట్టెత్తుకోని ముప్పై కిలోమీటర్లు వచ్చినా టీచర్!”

“అంతే దూరం ఎత్తుకోని పొండి.”

తీసుకుపోయాడు. మరుసటి శనివారం ఇంకో దెయ్యాల పుస్తకం తెచ్చాడు. మొదటిదాని అట్ట మూడు రోజులకే ఊడింది. సుకన్య దాన్ని మురిపెంగా అతికించింది.

సెలవుల ముందు రోజు అచ్చుల పుస్తకం వచ్చింది. తమ పేర్లు చూసుకోవడానికి వచ్చినవాళ్లు కిటికీల మీద కూడా కూర్చున్నారు. పేరు దొరికినవాళ్లు పోలేదు, పక్కనున్న పుస్తకం తీశారు. “నలభయ్యో పేజీలో తప్పుంది!” అని మనస్విని అరుస్తోంది. జయరాంగారు గడప దాటబోయారు. కాలు పెట్టడానికి చోటు లేదు.

“ల్యాబుకు వేరే గది చూస్తాలే అమ్మా” అని వెనక్కి తిరిగారు.

సుకన్య వరండాలోకి వచ్చింది. ధనుంజయ స్తంభానికి ఆనుకొని, ఏదో పోగొట్టుకున్నవాడిలా వాన చూస్తున్నాడు.

“గది నిలబడింది. మీరెందుకట్లున్నారు?”

“పని అయిపాయె కదా. ఇంక నేనేమని రావల్ల?”

సుకన్య వచ్చి స్తంభానికి రెండో పక్క నిలబడింది.

“మా అమ్మ అడిగింది. ‘శనివారం శనివారం ఎమ్మిగనూరికి పోతాండావు, ఆడ ఏముందిరా?’ అని. పుస్తకాలుండాయమ్మా అన్నా.”

“నమ్మినారా?”

“నమ్మలే. అప్పుడు నిజం సెప్పేసినా. ఆడ సుకన్య ఉంది అని.”

మేడం లేదు, టీచర్ లేదు. ఉత్త పేరు. సుకన్య కొంగు అంచులో తేలిన పోగును వేలికి చుట్టుకుంది.

“మాది మగ్గమిల్లని చెప్పినారా?”

“అది గూడా అప్పుడే సెప్పినా. ఆ పిల్లను ఎప్పుడు సూపిస్తావని రోజూ నా పానం తీస్తాంది.”

“అయితే రేపు అమ్మను పిలుచుకోని రండి.”

అతనికి వెంటనే అర్థం కాలేదు. “రేపటి నుంచి సెలవులు కదా, బడి తెరవరే!”

“బడికని ఎవరన్నారు?” అంది సుకన్య.