తొమ్మిది కోట్ల తాళం

"పదకొండు నిమిషాలే టైముంది. ఫోన్లన్నీ జామ్ చేశారు, సాయం రాదు. లోపల మీ అక్క ఉంది," అన్నాడు చీఫ్. ఆ మాటతో వైర్‌లెస్ కూడా మూగబోయింది.

మీటర్ రీడర్ వేషంలో ఏజెంట్ జీరో వాటర్‌వర్క్స్ కంట్రోల్ రూమ్‌లో పడేసరికి మిగిలింది నాలుగు నిమిషాలు. గాజు గోడ అవతల క్లోరిన్ గదిలో అక్క బందీ. ఆ ప్లాంట్‌కి కెమిస్ట్ ఆవిడే. విదేశీ ముఠా ఆ గది తలుపుకీ, సిలిండర్ల వాల్వులకీ కలిపి ఒకే కోడ్ లాక్ బిగించింది. గడువు దాటితే వాల్వులు తెరుచుకుంటాయి. ముందు అక్క పోతుంది, తర్వాత ఊరు.

స్క్రీన్ మీద ఒక నెంబర్: 9,86,04,899. ఏ రెండు ప్రధాన సంఖ్యల్ని గుణిస్తే అది వస్తుందో ఆ రెండూ టైప్ చేయాలి. ఒకే ఒక్క ఛాన్స్.

జీరో పెన్నులో పిస్టల్ ఉంది, బూటులో కెమెరా ఉంది. ఫోన్ ఎలాగూ పనిచేయదని తేలేదు. లెక్క చేసే వస్తువు ఒక్కటీ లేదు. ఏడుపొచ్చింది అతనికి.

కుర్చీకి ముఠా వేసిపోయిన బేడీలతో ముత్యాల చెవిపోగుల సుందరి. రెండు దేశాలకీ పనిచేసి రెండింటినీ ముంచిన డబుల్ ఏజెంట్. ఈ తాళం తయారుచేసింది తనే.

"నెంబర్లు చెప్పు!"

"గుర్తులేవు. ఆ రోజు నలభై తాళాలు చేశాను. గుర్తుంటే నేనెందుకు చస్తాను ఇక్కడ?"

ఇంటర్‌కమ్‌లో అక్క అందుకుంది. "ఒరేయ్, అరవకు. ఎలా ఎంచుకుందో అడుగు."

"మొదటిది మెషిన్ ఇచ్చింది. రెండోది..." సుందరి తల దించుకుంది. "వంటవాడు లంచ్ బెల్ కొట్టాడు. 'నెక్స్ట్' బటన్ నొక్కేసి లేచిపోయాను."

"అయితే అవి పక్కపక్క ప్రధాన సంఖ్యలేరా! రెండూ దాదాపు సమానం. నెంబర్ చదువు."

చదివాడు. ఇక మిగిలింది తొంభై సెకన్లు.

"పదివేలని పదివేలతో గుణిస్తే పది కోట్లు. నీది దానికి పద్నాలుగు లక్షలు తక్కువ. పదివేలకి ఒకటి తగ్గిస్తే లబ్ధంలో ఇరవై వేలు తగ్గుతాయి. అంటే ఓ డెబ్బై తగ్గించు. 9930. దాన్ని దాంతోనే గుణిస్తే..." అక్క వేలితో గాజు మీద గీస్తోంది. "9,86,04,900! నీ నెంబర్ కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. కాబట్టి 9930కి ఒకటి అటూ, ఒకటి ఇటూ. ఏడో తరగతిలో చెప్పాను కదరా!"

"అక్కా, తప్పయితే?"

"తప్పయితే తిట్టడానికి నేనుండను. కొట్టు!"

9929. 9931. తొందరలో ఒక అంకె తప్పు పడింది. చెరిపాడు. మళ్లీ కొట్టాడు. ఎంటర్.

గడియారం రెండు సెకన్ల దగ్గర ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. అక్క బయటికొచ్చి తమ్ముడి నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసి, అతన్ని పట్టుకుని భోరుమంది.

జామర్ ఆగగానే చీఫ్ లైన్లోకి వచ్చాడు. అంతా విన్నాడు.

"ఆ ముఠా వంటవాడెవరో కనుక్కో," అన్నాడు. "మెడల్ ఇవ్వాల్సింది అతనికి."