దస్తగిర్ మామూ దుకాణంల ఊపిరి

బాన్సువాడ బస్టాండ్ వెనక సందుల దస్తగిర్ గడియారాల దుకాణం ఉంది. ఆయన పోయి నాలుగు నెలలు. అప్పటి నుంచి షట్టర్ దించే ఉంది. చీకటి పడ్డంక అటు ఎవరూ పోరు... లోపల ఎవరో ఊపిరి పీలుస్తరట. పీల్చుడే — వదిలే చప్పుడు వినబడదట.

ఆటో నడిపే శివప్రసాద్ అన్న చెప్పిన సంగతి ఇది. వర్నిల సవారీ దించి వస్తుంటే, సరిగ్గ ఆ షట్టర్ ముందల ఆటో ఆగిపోయింది. ఎంత గుంజినా స్టార్ట్ కాలేదు.

అప్పుడు వినబడ్డది... స్స్‌స్... సన్నగ, పొడుగ్గ.

షట్టర్ సందులోంచి చూసిండు. లోపల నల్లటి గుండ్రని మొహం ఒకటి. దాని మీద తెల్లటి ముల్లు — దానంతట అదే తిరుగుతుంది.

ఆటో అక్కడే వదిలి ఉరికిండు. మూడు దినాలు జ్వరం. రాత్రిపూట ఆటో తీసుడే బంద్ చేసిండు.

ఇగ దాచను. ఆ ఊపిరి నాది.

నేను ఆసిమాను. దస్తగిర్ నాకు మామూ — మా అమ్మీకి అన్న. పని ఎవరూ నేర్పలే — ఆయన పక్కన కూసొని, ఫోన్‌ల వీడియోలు చూసి నేర్చుకున్న. పోయే ముందు మామూ ఒక పని ఒప్పుకున్నడు. పాత విమానంల ఎత్తు చూపెట్టే మీటర్. అద్దం పగిలింది. దాన్ని పంపిన హైదరాబాద్ సారు ఫోన్‌ల నాతో అన్నడు: “అద్దం వేసి ఒక్క నిమిషం గాలి ఆపి చూపియ్యి. నా వర్క్‌షాప్‌ల నీకు పని ఇస్త. శుక్రవారం వస్త.”

అది తప్పితే నాకు ఇంకో దారి లేదు. దుకాణం కిరాయికి ఇచ్చేస్తున్నరు. పగలు అమ్మీ తాళంచెవి ఇయ్యదు. అందుకే ఆమె పడుకున్నంక తీసుకుంట.

గడియారం అద్దం లెక్క గట్టిగ నొక్కి బిగించిన — పటుక్కుమన్నది. ఇంకోటి కోసిన. అదీ పోయింది. మీటర్ అద్దాన్ని నొక్కొద్దు, రబ్బరు మీద కూసోబెట్టాలె. అది తెలిసేసరికి అయిదు అద్దాలు పగిలినయి. మిగిలింది ఒక్కటి. అదీ బుధవారం దాకా గాలి ఆపలే.

గురువారం తెల్లారకముందే రబ్బరు మార్చిన. పొద్దెక్కినంక పోయి శివప్రసాద్ అన్నకు అంతా చెప్పేసిన.

“నువ్వా? మా అమ్మ మూడు రోజులు దిష్టి తీస్తానే ఉంది. ఏదీ, నాకు చూపించు” అన్నడు. వర్నిల పుట్టినా వాళ్ళింట్ల ఇంకా కోస్తా మాటే.

“వచ్చి లెక్కవెట్టన్నా. నాకు నోరు ఖాళీ ఉండదు.”

ఆ రాత్రి ఇద్దరం లోపలికి పోయినం. మీటర్ వెనక చిన్న పైపు ఉంటది. నోట్ల వెట్టుకొని పీలిస్తే ముల్లు పైకెక్కుతది. నాలుకతో పైపు మూయాలె. ముల్లు నిలబడితే అద్దం పక్కా. పైపు తెరుచుకుంటే మాత్రం ఠక్కున సున్నాకు పడిపోతది.

పీల్చిన. మూసిన. అన్న ముల్లు మీదనే కండ్లు పెట్టి గుసగుసగ లెక్కవెడుతుండు. నలభై తొమ్మిది... యాభై...

దగ్గు వచ్చింది. చప్పుడు కాకుండ ఆపుకోబోతే పైపు నోట్లోంచి జారింది.

అయిపోయింది అనుకున్న. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

“యాభై తొమ్మిది... అరవై” అన్నడు అన్న. “అరవై ఒకటి... ఇక చాలమ్మా, వదిలెయ్. ఊపిరాడక చస్తావు.”

“నేను ఎప్పుడో వదిలిన, అన్నా...”

నా మొహం చూసిండు. పైపు చూసిండు. ముల్లు కదల్లే.

తర్వాత దిగింది — కొంచెం కొంచెంగ, తొందర లేకుండ. మామూ గాలి అట్లనే వదులుతుండె. ఒక్కసారిగ వదిలితే ముల్లు బెదురుతదని.

అన్న నాకంటే ముందే రోడ్డు మీద ఉన్నడు.

తెల్లారితే సారు వస్తడు. గాలిని నా అద్దం ఆపిందా... మామూ ఆపిండా? ఇంకోసారి పీలిస్తే తెలుస్తది. మీటర్ నా ఒళ్ళోనే ఉంది.

ఇంటికొచ్చి రెండు గంటలాయె, నేను మళ్ళ నోట్ల వెట్టుకోలే. పైపు కొస ఇంకా తడిగనే ఉంది.